ఎవరి తాలూకు?

1948. షికాగోలో లా చదివే ఓ కుర్రాడు వార్డులోని డెమోక్రటిక్ పార్టీ ఆఫీసుకెళ్లి, ఎన్నికల్లో పనిచేస్తానన్నాడు. పేరు ఆబ్నర్ మిక్వా. లోపలున్న వార్డు పెద్ద నోట్లో చుట్ట తీసి, "ఎవరు పంపారు?" అన్నాడు. ఎవరూ పంపలేదు. చుట్ట మళ్లీ నోట్లోకి పోయింది. "ఎవరూ పంపనివాడు మాకక్కర్లేదు. ఉద్యోగాల్లేవు." నాకు ఉద్యోగం వద్దన్నాడు కుర్రాడు. "వద్దనేవాడు అసలే అక్కర్లేదు. ఇంతకీ ఎక్కణ్ణుంచి?" షికాగో యూనివర్సిటీ. "అక్కడివాళ్లూ అక్కర్లేదు."

ఈ ముచ్చట మిక్వాయే జీవితమంతా చెప్పి నవ్వించాడు. నేను మాత్రం వార్డు పెద్ద పక్షం. మన దగ్గర "ఎవరి తాలూకు?" అనే ఒక్క మాటతో తేలిపోయే ఇంటర్వ్యూని ఆయన పాపం అంతసేపు ఓపిగ్గా చేశాడు.

తాలూకు లేనివాడి బతుకు ఎలా తగలడుతుందో చూడండి. లాయరయ్యాడు. ఇల్లినాయ్ శాసనసభలో పదేళ్లు కూర్చున్నాడు. 1968లో గెలిచి అమెరికా ప్రతినిధుల సభకెళ్లాడు. తర్వాత నియోజకవర్గాల గీతలు మార్చేసరికి సీటు కాస్తా గల్లంతు. సామాను సర్దుకుని షికాగో పక్కనున్న ఎవాన్‌స్టన్ చేరి, 1972లో ఓడి, 1974లో గెలిచాడు. 1976లో మెజారిటీ 201. మా వైపు పెళ్లిలో రెండు బంతుల జనం!

1979లో అధ్యక్షుడు కార్టర్ ఆయన్ని వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టుకు జడ్జిగా ప్రతిపాదించాడు. తుపాకులకు పగ్గాలేయాలనే మనిషి చట్టాలు చేసే చోటు వదిలి పోతున్నాడంటే, తుపాకుల వాళ్ల సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ కొబ్బరికాయ కొట్టాలి కదా! పోనివ్వకుండా ఆపడానికి డబ్బు కుమ్మరించింది. సెనేట్ వినలేదు.

అది రాజ్యాంగమే జీవితాంతం ఉండమన్న ఉద్యోగం. అందులో చీఫ్ జడ్జి దాకా వెళ్లి, 1994లో వదిలేసి అధ్యక్షుడు క్లింటన్‌కి న్యాయ సలహాదారుగా చేరాడు. అక్కడ ఉన్నది ఏడాది. సంబంధాలు చూసే పెద్దలెవరైనా ఈ బయోడేటా చూస్తే, కుర్రాడు నిలకడ లేనివాడని ఫొటోతో సహా తిప్పి పంపేస్తారు.

జడ్జిగా ఉండగా ఆయనా ఒకసారి పంపేవాడి హోదాలో కూర్చోబోయాడు. హార్వర్డ్‌లో లా చదివే ఓ కుర్రాడికి నా దగ్గర క్లర్కుగా చేరమని కబురు పెట్టాడు. ఆ క్లర్కు పనికోసం లా కుర్రాళ్లు కొట్టుకు చస్తారు. వీడు వద్దన్నాడు, షికాగో వెళ్లి రాజకీయాలు చేసుకుంటానన్నాడు. ఎవరు పంపారని? ఎవరూ పంపలేదు!

ఆ కుర్రాడి పేరు ఒబామా. 2014లో అధ్యక్షుడి హోదాలో వైట్‌హౌస్‌కి పిలిచి మిక్వా మెడలో అమెరికా పెద్ద పౌర పురస్కారం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వేశాడు. గేటు దగ్గర ఎవరైనా ఎవరి తాలూకని అడిగుంటే, ఆ ఒక్కరోజు చెప్పుకోవడానికి ఆయనకో పేరుంది.