ఆ యంత్రం గుడ్డును తయారుచేయదు, పగలగొడుతుంది

ప్లాస్టిక్ గుడ్ల సందేశం మళ్లీ తిరుగుతోంది. బంధువుల గ్రూపులో ఒకరు పెడితే, అది చూసి కాలనీ గ్రూపులో మరొకరు పెడతారు; చివరికి సైన్సు చదివిన స్నేహితులు కూడా "ఎందుకైనా మంచిది, చూడండి" అంటూ పంపుతారు. అందులో చెప్పేది ఇది: చైనా యంత్రాలతో కృత్రిమంగా చేసిన గుడ్లు మన బజార్లలోకి వచ్చేశాయి, జతచేసిన వీడియోయే దానికి సాక్ష్యం, పెంకు లోపల కాగితంలాంటి పొర కనిపించినా, పగలగొట్టగానే పచ్చసొన తెల్లసొనలో కలిసిపోయినా, ఊపితే చప్పుడు వచ్చినా, ఉడికిన పచ్చసొన రబ్బరు బంతిలా ఎగిరినా, పెంకు మరీ నున్నగా మెరిసినా అది నకిలీదే, కాబట్టి బడిలో పెట్టే గుడ్డును మీ పిల్లలను తిననివ్వకండి. ఈ చివరి మాట లేకపోయి ఉంటే నేను జవాబు రాసే పని పెట్టుకునేవాడిని కాను.

ముందు వీడియో సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలిన భయమంతా దాని మీదే నిలబడి ఉంది. అందులో కనిపించేది గుడ్లు పగలగొట్టే యంత్రం. గుడ్లు రోలర్ల మీద దొర్లుకుంటూ వచ్చి ఒక్కొక్కటీ ఒక్కో పట్టులో కూర్చుంటాయి. కిందినుంచి రెండు సన్నని కత్తులు పెంకును చీల్చి చెరో పక్కకు లాగుతాయి. లోపలిదంతా కింద ఉన్న చిన్న గిన్నెలో పడుతుంది. పచ్చసొన ఆ గిన్నెలోనే నిలిచిపోతే, తెల్లసొన అంచున ఉన్న సందులోంచి జారి దాని కింది గిన్నెలోకి దిగుతుంది. పచ్చసొన చిట్లిన గిన్నెలను వేరు చేసి పక్కకు తప్పిస్తారు, ఎందుకంటే పచ్చసొనలోని కొవ్వు కొంచెం కలిసినా తెల్లసొన సరిగా నురుగు కట్టదు, నురుగు కట్టని తెల్లసొన కేకులు చేసేవారికి పనికిరాదు. గంటకు లక్షకు పైగా గుడ్లను ఇలా పగలగొట్టే యంత్రాలు ఉన్నాయి. పెంకుతో ఉన్న గుడ్లు లోపలికి వెళ్తున్నాయి, ద్రవం బయటికి వస్తోంది. వీడియో తెరిచిన తొలి క్షణాల్లోనే కళ్లకు కట్టినట్టు కనిపించే ఈ వరుసను తలకిందులుగా చదివి, ద్రవంతో గుడ్లు పోస్తున్నారని నమ్మడం ఎలా సాధ్యమైంది?

"ఇక్కడ రసాయనం కలుపుతున్నారు" అని ఎర్రని బాణం గుర్తు పెట్టిన చోట ఉన్నవి పాశ్చరైజర్ పలకలు, అంటే ద్రవాన్ని వేడి చేసి రోగం తెచ్చే సూక్ష్మజీవులను చంపే పరికరం. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది కనుక, వడకట్టి చల్లబరచిన ద్రవాన్ని పలుచని లోహపు పలకల మధ్య ప్రవహింపజేసి, గడ్డకట్టనివ్వకుండా వేడి చేస్తారు. అమెరికా నిబంధనల ప్రకారం తెల్లసొన, పచ్చసొన కలగలిపిన గుడ్డు ద్రవాన్ని 60 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడున్నర నిమిషాలు ఉంచాలి. తెల్లసొన ఇంకా సున్నితమైనది కాబట్టి దానికి 57 డిగ్రీల లోపే సరిపెడతారు. అక్కడ నాలుగైదు డిగ్రీలు ఎక్కువైతే చాలు, ద్రవం గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. ఆ పనిలో ఉన్నవారి నైపుణ్యమంతా ఆ కొద్దిపాటి తేడాలోనే ఉంటుంది.

గుడ్డు ద్రవాన్ని ఆరబెట్టి పొడి చేసే కర్మాగారాల్లో మాత్రం తెల్లసొనకు ఒక పదార్థాన్ని కలుపుతారు, అది నిజమే. తెల్లసొనలో సహజంగా ఉండే కొద్దిపాటి గ్లూకోజ్, నిల్వలో ప్రొటీన్లతో చర్య జరిపి పొడిని గోధుమరంగులోకి మారుస్తుంది కనుక, యీస్టుతోనో, గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతోనో ముందే దాన్ని తొలగిస్తారు. ఆ తరువాత వేడిగాలిలోకి ద్రవాన్ని సన్నని తుంపరగా చిమ్మి ఆరబెడతారు. తెల్లసొన పొడినైతే 54 డిగ్రీలకు తగ్గని వేడిగదిలో వారం రోజులు ఉంచుతారు. కిలో గుడ్డు పొడి కావాలంటే సుమారు నాలుగు కిలోల ద్రవం కావాలి. తమిళనాడులోని ఈరోడ్ ప్రాంతంలో ఇలాంటి కర్మాగారం ఉంది, దాని సరుకు విదేశాలకు వెళ్తుంది. కొన్ని బిస్కెట్లలో, కేకుల్లో, మయోనైజుల్లో ఈ పొడి, ఈ ద్రవం వాడుతుంటారు.

వీడియో చివర ఒక పొడవాటి తెల్లని కడ్డీ, దాని నడిమధ్య పసుపు, దాన్ని చక్రాలుగా కోయడం కనిపిస్తుంది. చాలామందిని భయపెట్టింది ఇదే. ఇది పొడవు గుడ్డు. డెన్మార్క్‌కు చెందిన సానోవో సంస్థ 1974లో దీనికి యంత్రం తయారుచేసింది. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గొట్టాల మధ్య తెల్లసొన పోసి ఉడికిస్తారు, లోపలి గొట్టాన్ని బయటికి తీసి ఆ ఖాళీలో పచ్చసొన నింపి మళ్లీ ఉడికిస్తారు. హోటళ్లకు అంచుముక్కలు మిగలకుండా అన్ని చక్రాలూ ఒకే తీరుగా రావడం కోసం చేసిన ఏర్పాటు అది. తెల్లసొన, పచ్చసొన రెండూ కోడిగుడ్డువే.

ఇక పెంకు లోపలి పొర. ఒక గుడ్డును గాజుగ్లాసులో పెట్టి, మునిగేదాకా వినెగర్ పోసి చూడండి. నిమిషంలోనే పెంకు చుట్టూ సన్నని బుడగలు అంటుకుంటాయి, తెల్లవారేసరికి సున్నపు పెంకు చాలావరకు కరిగిపోయి, ఒత్తితే లొంగే పలుచని సంచిలో గుడ్డు మిగులుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే లోపల పచ్చసొన కదలడం కనిపిస్తుంది. ఆ సంచే మీరు ప్లాస్టిక్ అంటున్నది. అది ప్రొటీను పోగుల అల్లిక, ప్రతి గుడ్డులోనూ రెండు పొరలుగా ఉంటుంది. ఎండబెట్టి కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. వేలాది సూక్ష్మరంధ్రాలున్న సున్నపు పెంకు, రెండు పొరలు, మొద్దు కొసన గాలి గది, పచ్చసొనను పట్టి ఉంచే మెలితిరిగిన తెల్లని పోగులు, ఇవన్నీ చేతితోనో యంత్రంతోనో అమర్చి, పది రూపాయల లోపు దొరికే గుడ్డుకంటే చవకగా అమ్మి, ఆపైన లాభం కూడా తీసే వ్యాపారి ఎక్కడున్నాడో ఈ సందేశం పంపేవారే చెప్పాలి.

పచ్చసొన కలిసిపోవడం, ఊపితే చప్పుడు రావడం, ఈ రెండూ గుడ్డు పాతబడినందువల్ల జరిగేవి. పెంకు రంధ్రాల గుండా బొగ్గుపులుసు వాయువు, తేమ బయటికి పోతున్న కొద్దీ తెల్లసొన పలుచబడుతుంది, పచ్చసొన నీరు పీల్చుకుని దాని చుట్టూ ఉన్న పొర బలహీనపడుతుంది, గాలి గది పెద్దదవుతుంది. అనపర్తిలోనో తణుకులోనో లారీ ఎక్కి, ఎండాకాలంలో రోజుల తరబడి ప్రయాణించి తూర్పు రాష్ట్రాలకు చేరిన గుడ్డు అలా కాకపోతేనే ఆశ్చర్యపోవాలి. పచ్చసొన రబ్బరులా అవడానికి గుడ్డు ఒకసారి గడ్డకట్టేంత చలిలో ఉండటం ఒక కారణం. దాణాలో పత్తిగింజల చెక్క ఎక్కువైన కోళ్ల గుడ్లను శీతల గిడ్డంగిలో ఉంచడం మరో కారణం. పెంకు మెరవడానికి కడగడమో, నూనె పూత పూయడమో చాలు. దీని మీద ఇంతకంటే చర్చ అనవసరం.

2017 ఏప్రిల్‌లో కోల్‌కతాలో ఇదే పుకారు పెద్ద కలకలమై దేశమంతా పాకింది. ఆ తరువాత భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సహజమైన గుడ్డును అన్ని విధాలా పోలిన కృత్రిమ గుడ్డును తయారుచేసే సాంకేతికత ఏదీ లేదని మార్గదర్శక పత్రంలోనే స్పష్టం చేసింది. ఆ మాట వచ్చి ఇన్నేళ్లయినా ఇంకా అదే వీడియో, అదే ఎర్ర బాణం!

ఇక బడి గుడ్డు. ఒక గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల మేలైన ప్రొటీను, బి12, ఎ విటమిన్లు ఉంటాయి. ఇంట్లో పప్పు పలుచనై, పాలు టీలోకే సరిపోయే కుటుంబాల పిల్లలకు ఆ రోజు తిండిలో ఇంత సత్తువ ఉన్న పదార్థం అదొక్కటే. అంగన్‌వాడీలో గర్భిణికి పెట్టే గుడ్డు కూడా అంతే. గేటెడ్ కాలనీలో కూర్చుని ఈ సందేశం పంపినవారి పిల్లలకు గుడ్డు మానేస్తే పనీరు ఉంటుంది, బాదం ఉంటుంది. కూలికి వెళ్తూ ఫోనులో ఇది విన్న తల్లి, పాపకు "బళ్లో గుడ్డు తినకు" అని చెబితే ఆ పాపకు మిగిలేది అన్నం, పలుచని చారు. పంపే ముందు ఒక్కరైనా దీన్ని ఆలోచించారా? సరఫరా అయిన గుడ్లు పాతవైతే, చిన్నవైతే, కుళ్లినవైతే ఫొటో తీయండి, అధికారులకు ఫిర్యాదు చేయండి, నేనూ మీ వెంట సంతకం చేస్తాను. నకిలీవన్న అబద్ధంతో పళ్లెంలోంచి గుడ్డునే తీసేయకండి.

అయితే ఈ సందేశం పంపేవారిలో ఉన్న ఒక అనుమానాన్ని నేను కాదనలేను. మన దుకాణంలో విడిగా అమ్మే గుడ్డు మీద అది పెట్టిన తేదీ ఉండదు. ఎన్నాళ్లనాటిదో కొనేవారికి తెలిసే దారి లేదు. అంతకంటే ముఖ్యం, పగిలిన గుడ్ల సంగతి. విదేశాల్లోని పెద్ద గ్రేడింగు కేంద్రాల్లో ప్రతి గుడ్డును చిన్న సుత్తులతో పలుమార్లు తట్టి, ఆ శబ్దాన్ని మైకుతో విని, కంటికి కనిపించని పగులును కూడా పసిగట్టి పక్కకు తీస్తారు. ఇక్కడ క్రాక్ గుడ్లు ట్రేలకు ట్రేలు తక్కువ ధరకు చిన్న బేకరీలకు, మెస్సులకు, ఫాస్ట్‌ఫుడ్ బండ్లకు చేరుతాయి. పొద్దున్నే చేత్తో పగలగొట్టి బకెట్టులో పోసిన ద్రవం సాయంత్రం దాకా వేడిలో అలాగే ఉంటుంది. దాన్ని పాశ్చరైజ్ చేసేవారు లేరు. బాగా వేయించిన ఆమ్లెట్టులో ఆ ప్రమాదం చాలావరకు పోతుంది, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజులో పోదు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజు తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. ఆ మయోనైజును సురక్షితంగా చేయడానికి కావలసినది పాశ్చరైజ్ చేసిన గుడ్డు ద్రవం, అంటే మీరు ప్లాస్టిక్ గుడ్ల కర్మాగారమని పంపుతున్న ఆ వీడియోలోని గొట్టాల్లో పారుతున్న పదార్థమే.