మతి తప్పినా మనిషే

ఎవరి మాటైనా కాస్త తేడాగా తోస్తే ‘ఎర్రగడ్డ కేసు’ అనేయడం మన హైదరాబాద్ నగరానికి అలవాటు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో ఉన్నవారికీ అమ్మలున్నారు, పిల్లలున్నారు. ఆ మాట వాళ్ల చెవిన పడుతూనే ఉంటుంది. బుద్ధి ఉంటేనే మనిషి, అది తప్పితే లెక్కలోంచి తీసేయొచ్చు అన్న పాత నమ్మకమే ఆ మాటలో ఉంది. మన నుడికారంలోనూ అదే తికమక. జబ్బుపడి కోలుకున్న మనిషిని ‘మళ్లీ మనిషిలో పడ్డాడు’ అంటాం. అంతకుముందు ఆయన ఎవరు?

తత్త్వశాస్త్రమూ ఈ నమ్మకానికి దన్నుగా నిలిచింది. ఆలోచించి, తనను తానుగా గుర్తించగలిగే జీవినే వ్యక్తి అనాలన్నాడు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్. వస్తువుకు వెల ఉంటుంది, వ్యక్తికి ఉండేది వెలకట్టలేని గౌరవమని 1785లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ రాశాడు. మనుషులను సంతలో అమ్ముతున్న రోజుల్లో అది గొప్ప మాట. ఆ గౌరవాన్ని ఆయన వివేకానికి ముడిపెట్టడమే చిక్కు. దీనికి భిన్నంగా, 1789లో వెలువడిన గ్రంథంలో ఆంగ్ల తత్త్వవేత్త బెంథామ్, జంతువుల సంగతి చెబుతూ, అవి ఆలోచించగలవా అని కాదు, బాధపడగలవా అని అడగాలన్నాడు.

తప్పుకు ఎవరు జవాబుదారీ అన్నది ఒక ప్రశ్న. గౌరవం ఎవరికి దక్కాలన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి వివేకం కావాలి. అందుకే, మతిస్థిమితం లేక, చేస్తున్నదేమిటో తెలియని స్థితిలో చేసిన పనిని భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ నేరంగా చూడదు. రెండోదానికి ఆ షరతు ఎందుకో మాకు అర్థం కాదు. పొత్తిళ్లలో పసికందును ఏ వివేకం చూసి ఎత్తుకుంటున్నాం?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో మనకంటే ముందుంది. తన మానసిక చికిత్స గురించి ఒకరు తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన వారికి నిర్ణయశక్తి లేదనుకోకూడదని 4వ సెక్షన్ చెబుతోంది. ఓపీ గదిలో జరిగేది వేరు. మతిమరుపు జబ్బున్న తల్లి డాక్టరు ఎదుటే కూర్చుని ఉంటుంది. ‘రాత్రి నిద్రపోతోందా?’ అన్న ప్రశ్న మాత్రం పక్కన నిలబడ్డ కొడుక్కి వెళుతుంది. తన పేరు ఆమెకే గుర్తుండకపోవచ్చు. కసిరితే మాత్రం ముఖం ముడుచుకుంటుంది; చెయ్యి పట్టుకుంటే వేళ్లు బిగిస్తుంది.

మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. దాని అనుభవంతో ప్రభుత్వం నగరంలోని ఆస్పత్రి, బ్యాంకు సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి. ముందు కుర్చీలో కూర్చున్న మనిషినే పలకరించాలి. ఆమె జవాబు కోసం ఆగాలి. ఆ తర్వాతే కొడుకు వైపు తిరగాలి.