అర్ధరాత్రి పుట్టింటికి ఫోన్ చేసే పెట్టె

ఈ మధ్య ఎవర్ని కదిపినా ప్రైవసీ ప్రైవసీ అని గుండెలు బాదుకుంటున్నారు. ఫోన్ మన మాటలు వింటోందట, టీవీ మనల్నే చూస్తోందట, వాచీ మన నిద్ర లెక్కపెడుతోందట. ఇదంతా నిన్నమొన్న పుట్టినట్టు మాట్లాడతారేంటండీ బాబూ. న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్లో 2005లోనే డిష్ టీవీకి ఒక నల్ల పెట్టె ఉండేది, అది అర్ధరాత్రి అందరూ పడుకున్నాక లేచి, మేం బిల్లు కట్టే ఫోన్ లైను మీదే, వాళ్ల కంపెనీకి ఫోన్ చేసుకునేది. చేసుకోనివ్వకపోతే జరిమానా మాకే. అందుకని ఈ విషయంలో నేను సీనియర్‌ని, కాస్త నా మాట వినండి.

అప్పట్లో అమెరికాలో తెలుగు ఛానెల్ కావాలంటే ఇప్పట్లా యాప్ నొక్కితే వచ్చేది కాదు. బాల్కనీకి డిష్ బిగించాలి, అది నైరుతో ఆగ్నేయమో సరిగ్గా ఒక మూలకి తిరగాలి, అడ్డంగా చెట్టు ఉండకూడదు, అపార్ట్‌మెంట్ ఆఫీసావిడ ఒప్పుకోవాలి. వాస్తు చూడకుండా ఇల్లు తీసుకున్న వాళ్లు కూడా డిష్ దిక్కు చూసి తీసుకునేవాళ్లు. బిగించడానికి వచ్చినబ్బాయి అంతా అయ్యాక పెట్టె వెనకాల చిన్న చిల్లు చూపించి, ఇందులో ఫోన్ వైరు పెట్టండి అన్నాడు. ఫోన్ జాక్ ఏమో వంటింట్లో ఉంది, టీవీ ఏమో హాల్లో ఉంది. దేనికి బాబూ టీవీకి ఫోన్ అంటే, మీ సౌకర్యం కోసమే సార్ అన్నాడు. మన సౌకర్యం కోసం అని ఎవడైనా అంటే అది ఎవడి సౌకర్యమో అడక్కుండా సంతకం పెట్టడం మన అలవాటు కదా, పెట్టేశాను.

పెట్టకపోతే ఏమవుతుంది అని అడిగితే మాత్రం జవాబు ఠక్కున వచ్చింది, నెలకి 5 డాలర్లు ఎక్స్‌ట్రా.

ఇక్కడే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మన దగ్గర కొత్త కోడలు పుట్టింటికి ఫోన్ చేసుకుంటానంటే వద్దనకూడదు, అది మర్యాద కాదు. కానీ వద్దన్నందుకు నెల నెలా కట్నం ఎదురు కట్టమనే సంప్రదాయం మాత్రం నాకు తెలిసి ఆ టీవీ పెట్టెతోనే మొదలైంది. నా ఇంట్లో సంగతులు నా ఇంట్లోనే ఉంచుకోవడానికి రేటు నెలకి 5, ఏడాదికి 60. మన సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు గానీ, దాని రేటు ఎంతో డాలర్లతో సహా 12 ఏళ్ల ముందే నా బిల్లులో ఉంది.

సరే 60 డాలర్లంటే ఆ రోజుల్లో ఇండియాకి మాట్లాడుకునే కాలింగ్ కార్డులు ఎన్నో లెక్కేసుకుని, 50 అడుగుల ఫోన్ వైరు కొనుక్కొచ్చి, వంటింటి నుంచి గోడ అంచు వెంబడి టేపు అంటిస్తూ హాల్లోకి లాగాను. మా ఆవిడ దానికి మూడుసార్లు కాలు తగిలించుకుంది. నాలుగోసారి తగిలించుకున్నప్పుడు అన్న మాటలు ఇక్కడ రాయను, నాకూ ప్రైవసీ ఉంది.

అసలు ఆ పెట్టె అంతలా ఏం మాట్లాడేదీ అంటే, పెద్ద సంగతులేం కాదు. డిష్ అన్నది వన్‌వే ట్రాఫిక్, ఆకాశం నుంచి సిగ్నల్ కిందకి వస్తుంది గానీ మన నుంచి పైకి ఏమీ వెళ్లదు. రిమోట్ నొక్కి పే-పర్-వ్యూ సినిమా కొన్నామనుకోండి, ఆ లెక్క లోపలున్న కార్డులో రాసుకుని, రాత్రి పూట లోపలి మోడెమ్‌తో టోల్ ఫ్రీ నంబరుకి డయల్ చేసి అప్పజెప్పేది. పాలవాడి చీటీ లాంటిదన్నమాట. ఆ టోల్ ఫ్రీలో ఇంకో కిటుకుంది, కాల్ డబ్బులు అవతలివాడు కడతాడు కాబట్టి ఏ నంబరు నుంచి వచ్చిందో వాడికి తెలిసి తీరుతుంది, మీరు కాలర్ ఐడీ దాచుకున్నా సరే. అంటే పెట్టె ఏం చెప్పినా చెప్పకపోయినా, ఎక్కడ కాపురం ఉందో అడ్రసు మాత్రం ప్రతిసారీ చెప్పేస్తుంది.

కంపెనీకి కావలసింది కూడా అదే. మావాడొకడు, పేరు చెప్పను, ఇప్పుడు పెద్ద మేనేజరు, ఒకే అకౌంటు మీద రెండు రిసీవర్లు తీసుకుని ఒకటి తన ఇంట్లో, రెండోది పై ఫ్లోర్లో ఉండే కొలీగ్ ఇంట్లో పెట్టి బిల్లు సగం సగం పంచుకునేవాడు. రెండు పెట్టెలూ ఒకే నంబరు నుంచి ఫోన్ చెయ్యకపోతే కంపెనీ పట్టేస్తుంది. అందుకని ఇద్దరూ కలిసి కింది బాల్కనీ నుంచి పై బాల్కనీకి ఫోన్ వైరు లాగారు, ఎవరికీ అనుమానం రాకుండా దాని మీద బట్టలు ఆరేశారు. న్యూజెర్సీ మంచులో జనవరి నెలంతా ఆ తీగ మీద ఒక లుంగీ అప్పడంలా బిగుసుకుపోయి వేలాడింది. నిఘా నుంచి తప్పించుకోవడానికి మనవాళ్లు పడ్డ శ్రమలో పదో వంతు చదువు మీద పెట్టుంటే... సరే వాళ్లు అది కూడా పెట్టారనుకోండి.

ఆటల ప్యాకేజీలు కొన్నవాళ్లకి కూడా ఈ వైరు తప్పనిసరి అనేవాళ్లు, మీ ఊరి మ్యాచ్ మీ ఊళ్లో కనపడకుండా బ్లాకౌట్ చెయ్యాలంటే మీరు ఏ ఊళ్లో ఉన్నారో తెలియాలి కదా. మాకు బేస్‌బాల్ బాధ లేదు గానీ 2007 క్రికెట్ వరల్డ్ కప్ మాత్రం ప్యాకేజీగా కొన్నాం. కొన్నది ఒక ఇల్లు, డబ్బులు పంచుకున్నది ఎనిమిది మంది, చూసింది పద్నాలుగు మంది. మార్చి 17న బంగ్లాదేశ్ చేతిలో పోయాం, 23న శ్రీలంక చేతిలో పోయి ఇంటికొచ్చేశాం. ఆ రాత్రి మా పెట్టె పుట్టింటికి ఏం చెప్పుకుని ఉంటుందో! ఒక ఇంట్లో ఒకే ఒక కస్టమరు ఉన్నాడు, బాగా సంతోషంగా ప్యాకేజీ కొన్నాడు అనుంటుంది. హాల్లో పద్నాలుగు మంది చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్న సంగతి దానికేం తెలుసు.

నేను ఈ పెట్టెని నిజంగా కాల్ చేస్తుండగా పట్టుకోలేదు. పట్టుకుంది మా అత్తగారు. తెనాలి నుంచి వచ్చిన మూడో రోజు, జెట్‌లాగ్, రాత్రి రెండున్నరకి లేచి కూర్చున్నారు. అక్కడ మిట్టమధ్యాహ్నం కదా, మామయ్యగారు అన్నం తిన్నారో లేదో కనుక్కుందామని కాలింగ్ కార్డు తీసుకుని, పిన్ నంబరు కళ్లజోడుకి దగ్గరగా పెట్టుకుని, వంటింట్లో ఫోన్ ఎత్తారు. ఎత్తి ఒక్క కేక.

"బాబూ, ఓసారి లేవండి, లైన్లో ఎవరో కీచుమని ఏడుస్తున్నారు!"

నేను పరిగెత్తుకెళ్లేసరికి డయల్ టోన్ తప్ప ఏమీ లేదు. "నేను ఎత్తగానే టక్కున పెట్టేశారు" అన్నారావిడ. ఆ పెట్టెలు అంతే, ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తితే మర్యాదగా లైను వదిలేసి ఇంకాసేపాగి చేసుకుంటాయి. సరిగ్గా చాటుగా ఫోన్ మాట్లాడేవాళ్ల లక్షణమే.

"అది మన టీవీ పెట్టె అత్తయ్యగారూ, వాళ్ల కంపెనీకి ఫోన్ చేసుకుంటోంది."

"ఈ వేళప్పుడా? ఏం చెప్తోంది?"

"మనం ఏం కొని చూశామో ఆ లెక్క."

ఆవిడ హాల్లోకొచ్చి పెట్టె వైపు చాలాసేపు చూశారు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "మరి నేను మధ్యాహ్నం సీరియల్ పెట్టుకుని సోఫాలో నిద్రపోతున్నాగా, అదీ చెప్తుందా?" అన్నారు. ఆ రోజు నుంచి టీవీ ముందు నిద్రొస్తే లేచి లోపలికెళ్లి పడుకునేవారు, వెళ్లేముందు పెట్టె మీద ఒక చేతిరుమాలు కప్పేవారు. ఆ నెలాఖరుకి బాల్కనీలో డిష్ కర్రకి ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు కూడా ప్రత్యక్షమయ్యాయి, డిష్ కి దిష్టి తగలకుండా. నేనైతే చెప్తున్నా, సైబర్ సెక్యూరిటీ మీద మా ఇంట్లో జరిగిన మొత్తం ఖర్చు ఆ నిమ్మకాయే.

ఆవిడ అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, అసలు విషయం అది. మేం కొనుగోళ్ల లెక్కే తీసుకుంటాం, మీరు ఏం చూస్తున్నారో చూడం అని కంపెనీవాళ్లు అనేవాళ్లు, నేను నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, మూతకి స్క్రూలున్నాయి, విప్పితే వారంటీ పోతుంది, అది మాట్లాడే భాష కీచు. రికార్డు చేసే పెట్టె టీవో ఉండేది చూశారా, అది కూడా ఫోన్ లైను మీదే కబుర్లు చెప్పేది. 2001లో ప్రైవసీ ఫౌండేషన్ వాళ్లు దాన్ని పరిశీలించి ఇది చెప్పినదానికంటే ఎక్కువే పంపుతోందని రిపోర్టు ఇస్తే, కంపెనీ అబ్బే పేర్లు లేకుండానే అంది. ఆ తర్వాత 2004 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ విరామంలో పాడుతున్న జానెట్ జాక్సన్ డ్రెస్సు లైవ్‌లో జారి అపశ్రుతి జరిగింది కదా, మర్నాటికల్లా టీవో వాళ్లే సంబరంగా ప్రకటించారు, మేం ఇప్పటిదాకా కొలిచినవాటిలో జనం ఎక్కువగా వెనక్కి తిప్పి చూసింది ఆ క్షణమే అని. పేర్లు లేవు, నిజమే. కానీ ఆ రాత్రి రిమోట్ పట్టుకున్న ప్రతి మగాడూ మర్నాడు పేపర్లో ఆ వార్త చదివి భార్య వైపు చూడకుండా కాఫీ తాగుంటాడని నా గట్టి నమ్మకం.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి, అది ఇంకా మంచి కథ. కేబుల్ టీవీ చూసేవాళ్ల గుట్టు కాపాడటానికి అమెరికాలో 1984లోనే చట్టం వచ్చింది. 1987లో రాబర్ట్ బోర్క్ అనే ఆయన్ని అధ్యక్షుడు రీగన్ అక్కడి సుప్రీంకోర్టు జడ్జిగా నామినేట్ చేస్తే, వాషింగ్టన్‌లో ఒక వారపత్రిక ఆయన వీడియో షాపులో అద్దెకి తెచ్చుకున్న 146 క్యాసెట్ల జాబితా సంపాదించి అచ్చేసింది. అందులో ఏ పాపమూ లేదు, శుభ్రమైన సినిమాలే. కానీ కాంగ్రెస్ సభ్యులకి ఒక్కసారిగా తమ తమ వీడియో షాపులు గుర్తొచ్చాయి. మరుసటి ఏడాదికల్లా వీడియో అద్దెల గుట్టు కాపాడే చట్టం తయారు! ఇంత వేగంగా పనిచేసిన చట్టసభని నేను వినలేదు. మరి డిష్ వాళ్ల సంగతి? 1994లో డైరెక్ టీవీ వచ్చింది, 1996లో డిష్ నెట్‌వర్క్ వచ్చింది, కేబుల్ చట్టంలో ఉన్న రక్షణలు శాటిలైట్ చూసేవాళ్లకి రావడానికి 2004 డిసెంబర్ దాకా పట్టింది. పదేళ్లు. పాపం ఆ పదేళ్లలో ఏ జడ్జిగారి డిష్ బిల్లూ బయటపడలేదు కాబోలు.

చట్టం వచ్చాక మాకు ఒరిగిందల్లా ఏడాదికోసారి బిల్లుతో పాటు ఒక మడత కాగితం. చీమ తలకాయలంత అక్షరాలతో, మీ గోప్యత మాకు చాలా ముఖ్యం అని మొదలయ్యేది. మా ఆవిడ దాన్ని పోపుల డబ్బా అడుగున వేసేది, పరిమాణం సరిగ్గా సరిపోయేదట.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ అనుభవం లేదు, మన డీటీహెచ్ పెట్టెలకి ఫోన్ తీగ పెట్టుకునే ఆచారం రాలేదు, రీఛార్జి కూడా మనమే చెయ్యాలి, ఫోన్ కూడా మనమే చెయ్యాలి. మనకి ముందు నుంచీ మనుషులే ఆ పని చూసుకున్నారు. దూరదర్శన్ రోజుల్లో వీధికో టీవీ, ఆదివారం ఊరంతా మన వరండాలో, ఇంక దాచడానికేముంది. తర్వాత కేబులబ్బాయి, నెలాఖరుకి రసీదు పుస్తకం పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి, నిన్న మీ ఇంట్లో రాత్రి ఒంటిగంట దాకా టీవీ వెలుగు కనపడిందేంటి సార్ అనేవాడు. ఫ్రీ సర్వీస్, ఐదు డాలర్లు అడగలేదు. 2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ కొత్త సెట్‌టాప్ బాక్సుల్లో ఎవరేం చూస్తున్నారో లెక్కతీసే చిప్ పెడదామా అన్నప్పుడు పెద్ద గొడవైంది గానీ, నాకు మాత్రం ఆ కేబులబ్బాయి ఉద్యోగం పోతుందేమో అనిపించింది.

మా పెట్టె కథ ఎలా ముగిసిందంటే, అందరితో పాటు మేమూ ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించాం, ఇండియాకి చవగ్గా మాట్లాడుకోవచ్చని. మా పెట్టె మోడెమ్‌కి ఆ లైను పడలేదు. పాపం రాత్రుళ్లు ప్రయత్నించి ప్రయత్నించి, ఫోన్ లైను కలపండి అని స్క్రీన్ మీద మెసేజ్ పెట్టేది, సరిగ్గా సీరియల్లో ఏడుపు సీన్ మీదే పెట్టేది. కంపెనీ మాత్రం 5 డాలర్లు వెయ్యడం మర్చిపోలేదు.

ఇప్పుడు కొత్త టీవీలు వేరే బాపతు. విజియో అనే కంపెనీ టీవీల మీద 2017లో అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే సర్కారీ సంస్థ ఎఫ్‌టీసీ కేసు పెడితే తేలిందేంటంటే, కోటీ పది లక్షల టీవీల్లో తెర మీద బొమ్మ ఏంటో క్షణక్షణం పంపుతున్నారు, చూసేవాళ్లకి సరిగ్గా చెప్పకుండా. 22 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకున్నారు. భాగించి చూశాను, టీవీకి 20 సెంట్లు. నెలకి 5 డాలర్లున్న నా పరువు మొత్తం కలిపి 20 సెంట్లకి పడిపోయింది, ఈ రూపాయి డాలర్ పతనాల గురించి మాట్లాడేవాళ్లు దీని గురించి ఎవరూ మాట్లాడరు. పైగా ఇప్పుడు వైరు లాగే శ్రమ కూడా లేదు, వైఫై పాస్‌వర్డ్ మనమే రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి ఇస్తాం.

మొన్న మేం కొన్న 65 అంగుళాలది గోడకి బిగించాక వీడియో కాల్‌లో అత్తగారికి చూపించాను. ఆవిడకి ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి, చూపు తగ్గింది, అయినా ఫోన్ని టీవీకి ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పమన్నారు, వెనక్కి కూడా తిప్పమన్నారు.

"దీనికి ఫోన్ తీగ లేదా బాబూ?"

"లేదండీ అత్తయ్యగారూ."

"హమ్మయ్య, అయితే సోఫాలోనే పడుకోవచ్చు" అన్నారు.