ఉచితంగా దారి చెప్పేవాళ్లతో జాగ్రత్త

ప్రజాహితం కోరి ఒక హెచ్చరిక చేయక తప్పడం లేదు. విదేశాలకు వెళ్లేవాళ్లు ముఖ్యంగా గమనించాలి. మన నెత్తి మీద సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున కొన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. పగలనక రాత్రనక, పండగనక పబ్బమనక, భూమ్మీదున్న ప్రతి ఫోనుకూ తానెక్కడుందో తెలిసేలా సాయం చేస్తున్నాయి. ప్లాన్ లేదు, వ్యాలిడిటీ లేదు, ఓటీపీ అడగవు. అన్నిటికన్నా అనుమానించాల్సిన సంగతి, డబ్బు తీసుకోవు.

దీని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. జీపీఎస్ అనేది అమెరికా సైన్యం తన అవసరం కోసం మొదలుపెట్టిన వ్యవస్థ. 1983లో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా ప్రయాణికుల విమానాన్ని అక్కడి సైన్యం కూల్చేసింది. ఆ తర్వాత జీపీఎస్‌ను మామూలు జనానికీ ఇస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. ఇచ్చారు గానీ చాలా ఏళ్లు కావాలనే కొంత తప్పు కలిపి ఇచ్చారు. మనిషి ఒకచోట ఉంటే వంద మీటర్ల అవతల ఉన్నట్టు చూపించినా చూపించేది. 2000 మే నెలలో ఆ తప్పు కూడా తీసేశారు. ఆ నిర్ణయాన్ని నేను ఇప్పటికీ సమర్థించను. వంద మీటర్ల తేడా ఉంటే మనిషన్నవాడు పక్కవాణ్ని పలకరించేవాడు.

ఇందులో ఇంకో అవమానం ఉంది. ఉపగ్రహం చెబుతుంది, ఫోను వింటుంది, అంతే. రేడియోలో వార్తలు చదివే ఆవిడకు మనం వింటున్నదీ లేనిదీ తెలియనట్టే, నేననేవాణ్ని ఒకణ్ని ఉన్నానని కూడా ఆ ఉపగ్రహానికి తెలియదు. నాలుగు ఉపగ్రహాల మాటలు విని, ఏ మాట ఎంత ఆలస్యంగా అందిందో లెక్కగట్టి, తానెక్కడుందో ఫోనే తేల్చుకుంటుంది. దీనికి నెట్టూ అక్కర్లేదు, సిమ్మూ అక్కర్లేదు. చాలా ఫోన్లలో ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా పనిచేస్తుంది. బిల్లు ఎవరికి పంపాలో కూడా తెలియని ఈ వ్యవహారాన్ని మనం గౌరవించాలా?

అదృష్టం కొద్దీ ఈ రహస్యం జనంలోకి పెద్దగా పోలేదు. అందుకు మా బావమరిది లాంటివాళ్లకు రుణపడి ఉండాలి.

విమానం చక్రాలు నేలకు తగిలాయో లేదో మావాడు నా ఫోన్ వైపు వేలు చూపించాడు. "బావా, ముందు లొకేషన్ ఆపేయండి. డేటా మొత్తం తినేసేది అదే." అంత గట్టిగా చెప్పాక ఆపకపోతే బాగుండదు. ఆపేశాను. తనదీ ఆపుకున్నాడు. డేటా రోమింగ్ మాత్రం ఇద్దరం ఆన్‌లోనే ఉంచాం, అర్జెంటుగా ఏదైనా వస్తేనో అని.

అర్జెంటుగానే వచ్చాయి. బ్యాగుల కోసం బెల్టు దగ్గర నిలబడ్డ ఇరవై నిమిషాల్లో ఏడెనిమిది యాప్‌లు తమను తాము అప్‌డేట్ చేసుకున్నాయి. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో పెట్టిన వీడియోలు అడక్కుండానే దిగాయి. కిటికీ పక్క సీట్లో కూర్చుని మావాడు తీసిన మబ్బుల ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కాయి. మబ్బులు మళ్లీ మబ్బుల్లోనే కలవడంలో ఏదో వేదాంతం ఉంది, కాదనను. దారి చూసుకోవడానికైతే గంటకు కొన్ని ఎంబీలు సరిపోతాయి. ఆ కాస్తా కూడబెట్టాం, మిగతాదంతా దానధర్మాలకు పోయింది. బయట గేటు దాటేలోపు ఇద్దరికీ మెసేజ్‌లు వచ్చాయి. పరిమితి అయిపోయింది, డేటా ఆగింది. ఆ బిల్లు అంకె మా చెల్లెలికి ఇంతవరకూ తెలియదు కాబట్టి ఇక్కడ రాయను.

రాత్రి తొమ్మిది. సన్నగా వాన. చేసేది లేక లొకేషన్ మళ్లీ ఆన్ చేశాం. మ్యాప్‌లో మేమెక్కడున్నామో చూపే చుక్క రాదు. అర నిమిషం గడిచింది, నిమిషం గడిచింది. "చూశారా, నెట్ లేకపోతే జీపీఎస్ కూడా లేదు" అన్నాడు మావాడు. లోకంలో ఈ మూఢనమ్మకం సరిగ్గా ఇక్కడే పుడుతుంది. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోనుకు క్షణాల్లో తెలుస్తుంది. లేకపోతే ఆ సంగతి ఉపగ్రహాల నోటే వినాలి. అవేమో సెకనుకు 50 బిట్ల చొప్పున మాట్లాడతాయి. ఆ లెక్కన పొద్దున్నే వచ్చే ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ, వంద కేబీది, దిగాలంటే నాలుగు గంటల పైనే పడుతుంది. అవసరమైన ముక్క వినడానికే సుమారు అర నిమిషం, మొత్తం సందేశం పూర్తిగా వినాలంటే పన్నెండున్నర నిమిషాలు. అదీ ఆకాశం కనబడే చోట కదలకుండా నిలబడితే. మేం షెడ్డు కింద అటూ ఇటూ తిరుగుతున్నాం.

చివరికి వచ్చింది నీలిచుక్క. మేం నడిస్తే నడుస్తోంది, ఆగితే ఆగుతోంది. దాని చుట్టూ మాత్రం ఏమీ లేదు. బూడిదరంగు గళ్లు, అంతే. వీధి లేదు, వీధి పేరు లేదు. సృష్టికి ముందు విశ్వం ఇలాగే ఉండి ఉంటుంది. మేమెక్కడున్నామో ఫోనుకు కొన్ని మీటర్ల తేడాలో తెలుసు, కాకపోతే ఆ చోటు ఏమిటో తెలియదు. చుక్క ఆకాశం నుంచి వస్తుంది. దాని కింద పరిచే బొమ్మ డేటా మీద రావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, ఆ పూజారి ఎవరో నాకు ఆ రాత్రి తెలిసింది.

తర్వాత జరిగింది వైఫై యాత్ర. మూసేసిన ఒక కాఫీ షాపు షట్టర్ బయట అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. వేర్వేరు దేశాలవాళ్లే, భంగిమ మాత్రం ఒక్కటే. తల వంచి, గడ్డం కింద వెలుగుతో, పెదవులు కదలకుండా. షాపు మూసేసి ఎంతసేపైందో గానీ లోపల రూటర్ పెట్టె పచ్చగా మిణుకుమంటోంది. అందరి చూపూ మధ్యమధ్యలో దాని మీదికే పోతోంది. అది మా పేరు, ఈ-మెయిలు, పుట్టిన తేదీ అడిగింది, అన్నీ సమర్పించుకున్నాం. హోటల్‌కు దారి వచ్చింది, స్క్రీన్‌షాట్ తీసుకున్నాం. రెండో మలుపు దగ్గరే తప్పాం. మనం తప్పామని స్క్రీన్‌షాట్‌కు ఎలా తెలుస్తుంది? మళ్లీ షట్టర్ దగ్గరికి వస్తే ఆ నలుగురిలో ఇద్దరు కూడా తిరిగొచ్చి ఉన్నారు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆఫ్‌లైన్ మ్యాప్ వల్ల నాశనమయ్యేది ఈ సౌభ్రాతృత్వమే.

ఆఫ్‌లైన్ మ్యాప్ అంటే తెలియని అమాయకులకు చెబుతున్నాను. బయల్దేరే ముందే ఇంట్లో వైఫై మీద వెళ్లబోయే ఊరి మ్యాప్ మొత్తం ఫోన్లోకి దించేసుకోవడం. పెద్ద ఊరైనా కొన్ని వందల ఎంబీలు. మన పెట్టె సర్దడం అయ్యేలోపు అది దిగిపోతుంది. అక్కడికెళ్లాక డేటా కట్టేసినా చుక్క కింద వీధులుంటాయి. ఇంత చిన్న పనితో ఇంత పెద్ద గందరగోళాన్ని తప్పించడం ప్రకృతి విరుద్ధమని నా అభిప్రాయం.

ఇంకా ఘోరం ఉంది. 2004లో బ్రిటన్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటి మొదలైంది. ఊరూ పేరూ తెలియని జనం, పైసా తీసుకోకుండా, తమ వీధిలోని మెట్లు, కాలిబాటలు, బెంచీలు, మంచినీళ్ల కుళాయిలతో సహా గీసి పెడుతున్నారు. ఆ మ్యాప్‌లు తీసుకుని ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి యాప్‌లు నెట్ లేకుండానే నడకదారి కూడా చూపిస్తాయి. ఉపగ్రహాలు ఉచితం, మ్యాప్ ఉచితం, యాప్ కూడా ఉచితమట. ఇన్ని ఉచితాలు ఒకేచోట చేరితే దాన్ని నేను కుట్ర అనే అంటాను. సిద్ధాంతరీత్యా వాటిని ఇన్‌స్టాల్ చేయలేదు.

కొన్ని దేశాలు మాత్రం విలువలు కాపాడుకుంటున్నాయి. చైనాలో నిబంధనల ప్రకారం మ్యాప్‌లను అసలు చోటు నుంచి కొంత పక్కకు జరిపి గీస్తారు. మన చుక్కకూ ఆ మ్యాప్‌కూ పొత్తు కుదరకపోతే వందల మీటర్ల తేడా వస్తుంది, రోడ్డు మీది మనిషి చెరువులో తేలుతుంటాడు. దక్షిణ కొరియా తన సవివరమైన మ్యాప్ డేటాను 2016లో గూగుల్ అడిగితే దేశం దాటనివ్వనంది. అక్కడికెళ్లిన పర్యాటకులు ఆ దేశపు కంపెనీలైన నేవర్, కకావోల మ్యాప్‌లు నేర్చుకున్నారు. యూరోపియన్ యూనియన్ నన్ను నిరాశపరిచింది. 2017 జూన్ 15 నుంచి తమ సభ్యదేశాల మధ్య రోమింగ్ అదనపు ఛార్జీలు ఎత్తేసుకున్నారు. నా సిమ్ అక్కడిది కాదు కనుక నా వ్రతానికి భంగం రాలేదు. ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్లోకే దిగే ఈ-సిమ్ కొనుక్కునేవాళ్ల గురించి మాట్లాడను, వాళ్లది వేరే మతం.

ఆ రాత్రి హోటల్లో మా బావమరిది గురక మొదలుపెట్టాక ఒక పాపం చేశాను. హోటల్ వైఫై మీద, ఫోన్‌తో పాటే వచ్చిన మ్యాప్ యాప్‌లో ఊరంతా దించేశాను. పొద్దున ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ముందు నడిచాను. "దారి ఎలా తెలిసింది బావా?" అన్నాడు. "మనుషుల్ని చూస్తే తెలిసిపోతుంది" అన్నాను.

నాకు తెలియని చిన్న మెలిక ఒకటుంది. ఆ యాప్ నెట్ లేనప్పుడు కారుకు మాత్రమే దారి చెబుతుంది, కాళ్లకు చెప్పదు. మ్యూజియం ఎదురుగానే ఉంది, మెట్లు కనబడుతున్నాయి, వాటి మీద కూర్చున్నవాళ్లు తింటున్నదేమిటో కూడా కనబడుతోంది. చెవిలో మాత్రం ఎడమకు తిరగమంటోంది. తిరిగాను. వన్‌వే అట. ముందుకు వెళ్లి రౌండ్ అబౌట్‌లో మూడో దారి పట్టమంది, పట్టాం.

"బావా, మ్యూజియం అక్కడే ఉంది కదా?"

"దగ్గరదారులు అన్నిసార్లూ మంచివి కావు" అన్నాను గంభీరంగా.

గంట పట్టింది. పార్కు చుట్టూ ఒకటిన్నర ప్రదక్షిణ అయింది. ఒక పెట్రోల్ బంకు లోపలి నుంచి కూడా నడిచాం. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ గంటలో మేం ఒక్క ట్రాఫిక్ నిబంధన కూడా అతిక్రమించలేదు.