పెళ్ళికూతురి అమ్మకు కొత్త జాకెట్టు ఎందుకు? ఒక వదినా మరదళ్ళ వాదం

తిరుపతిలో ఒక ఇల్లు. అమ్మాయి పెళ్ళి కుదిరింది. పట్టుచీరలకు కంచి వెళ్ళాలని అనుకున్నారు. ఎవరెవరికి ఏమేం కొనాలో రాసిన కాగితంలో అందరి పేర్లూ ఉన్నాయి, పెళ్ళికూతురి తల్లి పేరు తప్ప. తల్లికి యాభై దాటాయి, ఆమె మరదలికి నలభై ఏడు. వాదం ఆ కాగితం దగ్గరే మొదలైంది. ఈ ఇద్దరూ నేను కల్పించిన మనుషులే, వాళ్ళ మాటలు మాత్రం మన ఊళ్ళో నేను ఎప్పుడూ వినేవి. నేను మరదలి పక్షం. అయినా వదిన మాటలో బలం ఉన్నచోట దాన్ని తగ్గించి రాయలేదు.

వదిన: నాకేమీ వద్దు. ఆవపువ్వు రంగు పట్టుచీర బీరువాలో కొత్తదానిలాగే ఉంది. పెళ్ళి పాపది. ఖర్చు పాప మీద పెట్టాలి.

మరదలు: ఆ చీర మీది జాకెట్టు నీకు పడుతుందా?

వదిన: పక్కకుట్లు విప్పితే పడుతుంది.

మరదలు: విప్పడానికి ఇంకా ఏం మిగిలింది వదినా? గృహప్రవేశానికే అన్నీ విప్పేశావు కదా.

వదిన: సరే, ఇంకోటి కుట్టిస్తాలే. ఆది జాకెట్టు ఇస్తే రెండు రోజుల్లో కుట్టిచ్చేస్తాడు.

మరదలు: ఆ ఆది జాకెట్టు దగ్గరే వచ్చింది చిక్కంతా. అది పాప ఇంటర్ చదివేటప్పటి కొలత. టైలరు దాన్ని పరిచి, చుట్టూ ఒక అంగుళం పెంచి కత్తిరిస్తాడు. మన ఒళ్ళు అట్లా చుట్టూ సమంగా పెరగదు. మన దేశంలో చాలామందికి 46, 47 ఏళ్ళ దగ్గర నెలసరి ఆగిపోతుంది. ఆ సమయంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి, తుంటి దగ్గర చేరే కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది. ఛాతీ కొంచెం కిందికి దిగుతుంది. భుజాల ఎముకలు మాత్రం అప్పటివే. అన్ని వైపులా పెంచితే భుజం జారిపోతుంది, మెడ వదులవుతుంది, అయినా చంకలో బిగుతుగానే ఉంటుంది. ఛాతీ దగ్గర వేసే మడతకుట్టు, అదే డాట్, దాని మొన ఉండాల్సిన చోటికంటే పైన ఉంటుంది కాబట్టి ఛాతీ మీద అడ్డంగా ముడతలు పడతాయి, హుక్కుల మధ్య సందులు కనబడతాయి. అద్దంలో అది చూసుకుని నువ్వు లావైపోయానని బాధపడి, పవిట భుజం చుట్టూ కప్పుకుంటావు. కొలత సరిగ్గా తీసి ఉంటే ఆ బాధలో సగం ఉండేది కాదు.

ముందు లోపలి బట్ట సైజు సరిచూసుకో. సిగ్గుపడి ఎవరూ ఈ మాట చెప్పరు, కాన్పుల తర్వాత ఏదో ఒక నంబరు పట్టుకుని ఇరవై ఏళ్ళు అదే కొంటాం. పెళ్ళిరోజు వేసుకోబోయేది వేసుకునే కొలతలు ఇవ్వాలి. భుజం, చంక చుట్టు, భుజం మీద నుంచి డాట్ మొన దాకా పొడవు, చెయ్యి చుట్టు, ఇవి కొత్తగా తీయించు. ప్రిన్సెస్ కట్ కుట్టమను, డాట్ల బదులు నిలువు కుట్లు వస్తాయి, నిండు ఛాతీకి బాగా అమరుతుంది. చేతులు మోచేతి దాకా పెట్టించు. లైనింగ్ బట్ట ముందే తడిపి ఆరేసి కుట్టమను, లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి పైబట్టను లాగుతుంది. పక్కకుట్లలో అంగుళంన్నర వదలమను, రేపు ఒళ్ళు మారినా పనికొస్తుంది.

వదిన: చేతులు మోచేతి దాకా ఎందుకు?

మరదలు: చెయ్యి బాగా లావుగా ఉన్నచోట జాకెట్టు అంచు ఆగితే చూపు అక్కడే ఆగుతుంది.

వదిన: చూశావా! ఇంతసేపూ చెప్పి, ఆఖరికి అక్కడికే వచ్చావు. సన్నగా కనబడాలి. పొట్ట తెలియకూడదు, చెయ్యి లావు తెలియకూడదు. ఇద్దరు పిల్లల్ని కని, మీ అమ్మకు మంచంలో సేవ చేసి, పొద్దున అయిదింటికి లేచి అందరికీ క్యారియర్లు కట్టి, నా ఒళ్ళు ఇట్లా అయింది. దీన్ని దాచమని నువ్వే చెప్తావు. మళ్ళీ పవిట కప్పుకుని దాక్కుంటున్నానని నువ్వే అంటావు. నేను పవిటతో దాస్తే తప్పు, టైలరు కుట్టుతో దాస్తే స్టైలా?

ఇది గట్టి దెబ్బ. నడివయసు ఆడవాళ్ళ బట్టల గురించి సలహాలిచ్చే వాళ్ళలో చాలామంది దీనికి జవాబు చెప్పలేరు. ఆ సలహాలన్నీ ఆడదాని ఒంట్లో ఏదో తప్పు జరిగిందని, దాన్ని సర్దాలని నమ్మి మొదలవుతాయి. మరదలు కూడా కొంచెం ఆగింది.

మరదలు: సరే, చేతుల మాట వెనక్కి తీసుకుంటా. నీకు పొట్టి చేతులు ఇష్టమైతే అవే కుట్టించు, చంకలో కొరకకుండా ఉంటే చాలు. నేను పట్టుబట్టేది ఒక్కటే, బట్ట నిన్ను ఇబ్బంది పెట్టకూడదు. నీ నడుం మీద లంగా నాడా పడేచోట నల్లగా గట్టు కట్టింది, నేను చూశాను. చర్మం అక్కడ ఏళ్ళ తరబడి ఒరుసుకుంటే పుండు పడుతుంది, ఎక్కడో ఒకరికి అది క్యాన్సర్‌గా కూడా మారుతుంది. మన దేశంలో ఇద్దరు పెద్దావిడలకు అట్లా వచ్చిందని డాక్టర్లు 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో రాశారు. అరుదే, భయపడమని చెప్పడం లేదు. నాడా తీసేసి వెడల్పు పట్టీ వేయించుకో, లేదా రోజూ ఒకేచోట బిగించకుండా కొంచెం కిందికీ పైకీ మార్చి కట్టు. ఇంట్లో ఉన్నప్పుడు చుడీదార్ వేసుకో. దాని నాడా అంత బిగించక్కర్లేదు, నడుముకు కాస్త సుఖంగా ఉంటుంది.

వదిన: చుడీదారా? ఆ మాట నువ్వు అనకూడదు.

మరదలు: ఎందుకు?

వదిన: పాపకు మూడో ఏడు ఉన్నప్పుడు మీ అన్న నాకు ఒక నీలం చుడీదార్ తెచ్చారు. వేసుకుని హాల్లోకి వచ్చాను. మీ అమ్మ ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నువ్వు అక్కడే కూర్చుని టీవీ చూస్తున్నావు. నువ్వూ ఆ రోజు చుడీదార్‌లోనే ఉన్నావు. ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు దాన్ని మీ అమ్మే పనమ్మాయికి ఇచ్చేసింది.

మరదలు: అప్పటికి నాకు పెళ్ళి కుదరలేదు వదినా. అమ్మ ముందు నా మాట చెల్లేది కాదు.

వదిన: నీ మాట చెల్లకపోయినా నీ చుడీదార్ చెల్లింది. ఆడబిడ్డకు ఒక రూలు, కోడలికి ఒక రూలు. అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు నాకు. వేసుకోవాలనిపించే వయసులో వేసుకోనివ్వలేదు, ఇప్పుడు కోరిక పోయాక వచ్చి వేసుకోమంటున్నారు.

మరదలు: అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఎవరున్నారు ఆపడానికి? కల్యాణోత్సవానికి కొండకు వెళ్ళినా చీర, లంగాఓణీ, చున్నీతో చుడీదార్ వీటిలో ఏదైనా ఫరవాలేదంటుంది దేవస్థానం. స్వామి ముందు నిలబడటానికి పనికొచ్చే బట్ట మన హాల్లో పనికిరాదా?

వదిన: స్వామి చూస్తాడని కాదు నా భయం. మీ పెద్దమ్మ చూస్తుందని. 'కూతురి పెళ్ళా, తల్లి పెళ్ళా' అని మండపంలో అందరి ముందూ అంటుంది. పోయినసారి ఎవరినో అననే అంది, నువ్వూ విన్నావు.

మరదలు: విన్నాను. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు గంగజాతరే గుర్తొస్తోంది. తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుని మన ఊరి మగవాళ్ళు చీరలు కడతారు, జడలు వేసుకుంటారు, పూలు పెడతారు. మాతంగి వేషం వీధిలోకి వస్తే ఊరంతా హారతిచ్చి దండం పెడుతుంది. మీసాలున్న మగవాడికి ఎర్రచీర తగదని ఎవరూ అనరు. అసలు చీర కట్టేది మనం. మనకు మాత్రం నలభై దాటగానే ఎరుపు పోయింది, వంకాయ రంగు పోయింది, మిగిలింది గంధం, బూడిద, ఆవపువ్వు. ఏ శాస్త్రంలో ఉంది ఇది? ఆవపువ్వు రంగు ముఖానికి దగ్గరగా వస్తే నీ చాయ వాడినట్టు కనిపిస్తుంది. నెమలికంఠం రంగు కట్టుకున్న రోజు 'ఏమే, నిగనిగలాడుతున్నావే' అని మీ అక్కే అంది. గాంధీరోడ్డులో అంగడికి వెళ్ళినప్పుడు చీరను ట్యూబులైటు కింద చూడొద్దు, వాకిలి దాకా తీసుకొచ్చి ఎండ వెలుతురులో భుజం మీద వేసుకుని చూడు. అద్దంలో ముందు చీర కనిపిస్తే అది నీది కాదు, ముందు నీ ముఖం కనిపిస్తే తీసుకో.

ఇంకో సంగతి. కన్యాదానం పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి, పక్కన హోమం. ఈ వయసులో ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి తన్నుకొస్తుంది, నాకూ వస్తోంది. బరువు జరీతో నిండిన కంచి చీర కట్టుకుని పాలిస్టర్ లైనింగ్ జాకెట్టు వేసుకుంటే ముహూర్తానికి ముందే ప్రాణం పోతుంది. తేలికైన పట్టు తీసుకో, చిన్న అంచు, మెత్తగా ఒంటిమీద జారేది. మదనపల్లె దగ్గర నీరుగట్టువారిపల్లెలో పట్టు నేస్తారు. లేదంటే వెంకటగిరి ఉంది, 2022లో జిల్లాలు విడదీశాక అది మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. సన్న నూలు, జరీ అంచు, నేతలోనే వేసే జాందానీ బుటా, కట్టినట్టే ఉండదు.

వదిన: వెంకటగిరి నూలుచీర కట్టుకుని పెళ్ళికూతురి తల్లి పీటల మీద కూర్చుంటుందా? వియ్యపురాలు ఏమనుకుంటుంది?

మరదలు: సరే, పీటల మీద పట్టు. రిసెప్షన్‌కు వెంకటగిరి. పెళ్ళి అయ్యాక రోజువారీకి శ్రీకాళహస్తి కలంకారీ నూలు తీసుకుని కుర్తాలు కుట్టించుకో. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి, కలంతో గీసి, చెట్ల రంగులు వేసిన అసలు గుడ్డ ఖరీదే. గాంధీరోడ్డులో చవగ్గా దొరికేది చాలావరకు ప్రింటు. చేత్తో గీసినదైతే గీత ఒకచోట సన్నగా, ఒకచోట మందంగా ఉంటుంది, ఒకే పువ్వు రెండుచోట్ల ఒకేలా ఉండదు. కుర్తా పక్కచీలిక తుంటి దగ్గర మొదలవ్వాలని చెప్పు, ఇంకా కిందికి ఉంటే కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర పట్టేస్తుంది. రెడీమేడ్ కొంటే అంగడికో సైజు. ఒకచోట ఎక్సెల్, ఇంకోచోట డబుల్ ఎక్సెల్. ఆ నంబరు చూసి దిగులు పడొద్దు, భుజం కుట్టు నీ భుజం మీద కూర్చుందా లేదా, అది చూడు.

వదిన: నువ్వు ఇంత చెప్పావు, నేను ఒక్క మాట చెప్తా విను. పెళ్ళి అయిన కొత్తలో టౌన్‌క్లబ్ దగ్గర బస్సు కోసం నిలబడితే అందరి చూపులూ ఒంటి మీదే. ఎట్లా నిలబడాలో, ఎటు చూడాలో తెలిసేది కాదు. ఈ పదేళ్ళుగా ఎవరూ చూడటం లేదు. కూరగాయలకు వెళ్తా, గుడికి వెళ్తా, ఎవరికీ పట్టదు. నాకది ఎంత హాయిగా ఉందో నీకు తెలియదు, నువ్వు ఇంకా ఆఫీసుకు వెళ్తున్నావు. మళ్ళీ చూపుల్లోకి రమ్మంటే నాకు టెన్షన్. నాకు అక్కర్లేదు, అంతే.

వదిన మాటల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది. వీధి చూపుల నుంచి బయటపడటం కూడా ఒక స్వేచ్ఛే. నడివయసులో ముస్తాబు మానేసిన వాళ్ళందరూ దిగులుతో మానేశారనుకోవడం పొరపాటు.

మరదలు: వీధి సంగతి నేనూ ఒప్పుకుంటా. కానీ ఫోటోల సంగతేంటి? గృహప్రవేశం ఆల్బమ్ తియ్యి. ఇల్లు నీది, పాలు పొంగించింది నువ్వు. ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒకరి వెనక నిలబడ్డావు. ఒక దాంట్లో నీ బొట్టు మాత్రమే కనిపిస్తోంది. హాయిగా ఉన్న మనిషి అట్లా నిలబడదు. పాప నిన్న నాతో ఏమందో తెలుసా? 'అత్తా, అమ్మ నా పెళ్ళి ఫోటోల్లో ముందు ఉండాలి' అంది. నీకు చెప్తే కోప్పడతావని నాకు చెప్పింది.

వదిన: పాప అన్నదా?

మరదలు: అడుగు, లోపలే ఉంది.

వదిన: ...ఆ జాకెట్టు చంకలో కొరుకుతోందని చెయ్యి ఎత్తలేకపోయాను ఆ రోజు. అందుకే వెనక నిలబడ్డాను. అది నిజం.

మరదలు: నేను మొదటి నుంచీ చెప్పేది అదే కదా.

వదిన: సరే, కొలతలు కొత్తగా ఇస్తా. లంగా పట్టీ కూడా మారుస్తా. కాగితంలో నా పేరు రాయి, తేలిక పట్టు ఒకటి. చుడీదార్ మాత్రం వేసుకోను. మీ అమ్మ మీద కోపంతో చెప్తున్నాననుకో, ఎట్లా అయినా అనుకో, వేసుకోను.

మరదలు: రంగు?

వదిన: రంగు నేనే చూసుకుంటా, వాకిట్లో వెలుతురులోనే చూస్తాలే. ఎరుపు తీసుకోవాలో వద్దో నువ్వు చెప్పక్కర్లేదు. కానీ కొలతలు తీసేది ఆడమనిషి అయితేనే ఇస్తా. మన టైలరుకు ఇవ్వను.

మరదలు: భవానీనగర్‌లో ఒకావిడ ఇంట్లోనే కుడుతుంది. పెళ్ళిళ్ళ రోజులు కదా, పదిహేను రోజుల ముందే ఇవ్వాలి. రేపు సాయంత్రం పోదాం.

వదిన: రేపు కాదు, శనివారం. రేపు శుభలేఖలు వస్తున్నాయి.