ఎనభైల పాప్‌లో మెషీన్లు లేవన్న మాట నిజం కాదు

"1980 నుంచి 84 దాకా వచ్చిన ఇంగ్లీష్ పాప్ పాటలు వినండి. కంప్యూటర్ లేదు, మెషీన్ లేదు. మనుషులే కూర్చుని వాయించారు. ఒకే టేక్. అంతా అనలాగ్. ఆటోట్యూన్ లేదు. అప్పటి ప్రతి పాటా ఆణిముత్యమే. ఇప్పుడు లాప్‌టాప్ ఉన్న ప్రతివాడూ సంగీత దర్శకుడే." చిన్న చిన్న మార్పులతో ఈ పోస్టు ఏళ్ళ తరబడి ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. కింద మైకేల్ జాక్సన్ ఫొటోనో, క్యాసెట్ బొమ్మో ఉంటుంది.

ఆ పాటలంటే నాకూ ప్రాణం. వాటి సౌండు బాగుంటుందన్న దాని మీద నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా దానికి చెబుతున్న కారణాలతోనే. అవి దాదాపు అన్నీ తప్పు. పైగా ఆ తప్పుల వల్ల, ఆ సౌండును నిజంగా తయారుచేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియకుండా పోతున్నాయి. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

"కంప్యూటర్ లేదు, మెషీన్ లేదు."

అసలు పాప్ పాటలోకి మెషీన్లు పెద్దఎత్తున వచ్చిందే ఆ నాలుగైదేళ్ళలో. 1980లో అమెరికాలో రోజర్ లిన్ ఎల్ఎమ్-1 అనే డ్రమ్ మెషీన్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. అంతకుముందు మెషీన్లు డ్రమ్ములాంటి చప్పుడును సర్క్యూట్లతో పుట్టించేవి. ఇది నిజమైన డ్రమ్మర్ కొట్టిన దెబ్బలను డిజిటల్‌గా చిప్పుల్లో దాచుకుని, బటన్ నొక్కితే వాటినే వినిపించేది. ధర దాదాపు 5 వేల డాలర్లు. మెమరీ అప్పట్లో బాగా ఖరీదు కాబట్టి క్రాష్, రైడ్ సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు కొట్టే లోహపు పళ్ళాలు) అందులో పెట్టనేలేదు. తయారైనవి కొన్ని వందలే. కానీ వాటిలో ఒకటి అమెరికన్ గాయకుడు ప్రిన్స్ చేతిలో పడింది. 1982 నాటి '1999' ఆల్బమ్‌లో వినిపించే డ్రమ్స్‌లో చాలా భాగం ఆ పెట్టెవే. ఇంకొకటి ఇంగ్లండ్‌లో మార్టిన్ రషెంట్ అనే నిర్మాత (స్టూడియోలో రికార్డింగును నడిపించేవాడు) దగ్గరికి చేరింది. అతను హ్యూమన్ లీగ్ బృందంతో 1981లో చేసిన 'డేర్' ఆల్బమ్‌లో డ్రమ్మర్ అనేవాడే లేడు. లయ ఎల్ఎమ్-1ది. సింథసైజర్లతో స్వరాలు పలికించింది రోలాండ్ కంపెనీ వారి సీక్వెన్సర్. అంటే ఏ నోటు ఎప్పుడు, ఎంతసేపు మోగాలో అంకెల్లో టైపు చేసి చెప్పే యంత్రం. అందులోని 'డోంట్ యూ వాంట్ మీ' ఆ ఏడాది క్రిస్మస్‌కు బ్రిటన్‌లో నంబర్ వన్, మరుసటి ఏడాది అమెరికాలోనూ నంబర్ వన్. "మనుషులే వాయించారు" అనే పోస్టుల కింద ఉదాహరణగా ఈ పాట లింకే పెడుతుంటారు!

1980లోనే రోలాండ్ టీఆర్-808 కూడా వచ్చింది. 1982లో మార్విన్ గే బెల్జియంలో రికార్డు చేసిన 'సెక్సువల్ హీలింగ్' వింటే, ఆ మెత్తటి టిక్‌టిక్‌లు, చప్పట్లు అన్నీ దానివే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 808 పూర్తిగా అనలాగ్, అంటే చప్పుడంతా సర్క్యూట్లలోనే పుడుతుంది, అందులో నిజమైన డ్రమ్ము చప్పుడు ఒక్కటీ లేదు. లిన్ మెషీన్ డిజిటల్, అంటే శబ్దాన్ని అంకెలుగా దాస్తుంది, అందులో ఉన్నది మనిషి కొట్టిన దెబ్బ. అనలాగ్ అంటే సహజం, డిజిటల్ అంటే నకిలీ అనే లెక్క మొదటి అడుగులోనే తలకిందులైంది.

ఇక కంప్యూటర్. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ కలిసి చేసిన ఫెయిర్‌లైట్ సీఎంఐ 1979లో వచ్చింది. కీబోర్డు, స్క్రీను, స్క్రీను మీద గీయడానికి లైట్ పెన్ను, ఫ్లాపీ డిస్కులు ఉన్న అచ్చమైన కంప్యూటరే అది. బయటి శబ్దాన్ని సుమారు ఒక సెకను పాటు 8 బిట్లలో పట్టుకుని, దాన్ని ఏ స్వరంలోనైనా పలికించేది. కేట్ బుష్ 1980లో 'బబూష్కా' పాటలో పగిలే గాజు శబ్దాన్ని దానితోనే వాయించింది. అలా పట్టుకున్న శబ్దాన్ని శాంపిల్ అంటారు. ఈనాటి లెక్కల్లో ఆ 8 బిట్ల శాంపిల్ నాణ్యత బాగా తక్కువ. ఆ గరుకుదనమే ఇవాళ మనం "ఎనభైల సౌండు" అని మురిసిపోయేది.

మెషీన్లు లేవనేవాళ్ళు ఆనాటి గొడవలు తెలుసుకోవాలి. 1982 మేలో బ్రిటన్ మ్యుజీషియన్స్ యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లను, డ్రమ్ మెషీన్లను నిషేధించాలని తీర్మానమే పెట్టింది. వయొలిన్, ట్రంపెట్ వాయించేవాళ్ళ పొట్ట కొడుతున్నాయన్నది వాళ్ళ ఆవేదన. ఆ ఆవేదనలో నిజముంది. ఇవాళ పాత పాటల అభిమానులు కొత్త పాటల గురించి అంటున్న మాటలే, ఆ పాత పాటలు కొత్తగా ఉన్నప్పుడు వాటి గురించీ అన్నారు.

2015లో లండన్ పరిశోధకులు 1960 నుంచి 2010 దాకా అమెరికా టాప్ 100లోకి ఎక్కిన సుమారు 17 వేల పాటలను కంప్యూటర్‌తో విశ్లేషించారు. సంగీత స్వభావం పెద్దగా మారిన ఏళ్ళు మూడని తేలింది: 1964, 1983, 1991. అందులో 1983 నాటి మార్పును వాళ్ళు సింథసైజర్లు, శాంప్లర్లు, డ్రమ్ మెషీన్లతోనే ముడిపెట్టారు. పాటల్లో వైవిధ్యం అన్నిటికన్నా పడిపోయినది కూడా ఎనభైల మధ్యలోనే అని అదే అధ్యయనం చెప్పింది. "అప్పుడు ఏ పాటకాపాట వేరుగా ఉండేది" అనేవాళ్ళకు ఇది మింగుడుపడదు, కానీ లెక్క అలాగే ఉంది.

"మనుషులే కూర్చుని వాయించారు, ఒకే టేక్."

కొన్ని పాటల్లో కొన్ని భాగాలు నిజంగానే ఒకే టేక్, అంటే ఒక్కసారి పాడిందో వాయించిందో అలాగే ఉంచేసింది. 'బిల్లీ జీన్'లో మైకేల్ జాక్సన్ ప్రధాన గాత్రం అలా పాడిందేనని చెబుతారు. డ్రమ్స్ వాయించింది కూడా మనిషే, లియాన్ ఎండుగు చాన్స్‌లర్. కానీ అతను వాయించింది ముందే సిద్ధం చేసిన డ్రమ్ మెషీన్ లయ మీద. ఆ తర్వాత ఇంజనీర్ బ్రూస్ స్వీడియన్ ఆ పాటను 91 సార్లు మిక్స్ చేశాడు, అంటే విడివిడిగా రికార్డయిన గొంతును, వాద్యాలను పాళ్ళు సరిచూసి కలిపాడు. చివరికి విడుదలైంది రెండో మిక్స్. తొంభై ఒక్కసార్లు చేసి రెండోదానికి తిరిగి వచ్చారంటే ఆ గదిలో ఎంత సమయం, ఎంత ఓపిక, ఎంత డబ్బు ఖర్చయి ఉంటుందో ఆలోచించండి. నాణ్యతకు కారణం వెతకాల్సింది అక్కడ. "ఒకే టేక్" అని పొగడటం అంటే స్వీడియన్ చెవులకు దక్కాల్సిన గౌరవాన్ని తీసేయడమే.

మరోవైపు ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ వారి 'రిలాక్స్' (1983) చూడండి. నిర్మాత ట్రెవర్ హార్న్ దాన్ని రకరకాలుగా మళ్ళీమళ్ళీ చేశాడు. చివరికి విడుదలైన దానిలో గాయకుడు హాలీ జాన్సన్ గొంతు తప్ప బృందం వాయించింది దాదాపు ఏమీ లేదు. మిగతాదంతా హార్న్ మనుషులు, ఫెయిర్‌లైట్.

గొంతుల విషయానికొస్తే, పలుసార్లు పాడించి ఒక్కో వాక్యం ఒక్కో టేక్ నుంచి ఏరి కూర్చడం అప్పటికే స్టూడియోల్లో రోజువారీ పని. శ్రుతి సరిపోకపోతే టేపు వేగం మార్చేవాళ్ళు, శ్రుతిని మార్చే హార్మొనైజర్ అనే పెట్టె పెట్టేవాళ్ళు. పోస్టులో నూటికి నూరుపాళ్ళు నిజమైన వాక్యం "ఆటోట్యూన్ లేదు" అన్నదొక్కటే. అది 1997లో వచ్చింది.

"అంతా అనలాగ్."

ఈ మాట మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే దీన్ని నమ్మే చాలామంది వేలకు వేలు పెట్టి వినైల్ రికార్డులు (ఎల్పీలు) వినే టర్న్‌టేబుళ్ళు కొంటున్నారు.

పాప్‌లో డిజిటల్ రికార్డింగ్ 1979లోనే మొదలైంది. ఆ ఏడాది అమెరికన్ గిటారిస్టు రై కూడర్ ఆల్బమ్ ఒకటి 3ఎమ్ కంపెనీ డిజిటల్ టేపు యంత్రం మీద రికార్డయింది. ఆబ్బా బృందం స్టాక్‌హోమ్‌లోని తమ పోలార్ స్టూడియోలో చేసిన 'ది విజిటర్స్' (1981)లో చాలాభాగం డిజిటలే. 1982 ఆగస్టులో జర్మనీలోని లాంగెన్‌హాగెన్ ఫ్యాక్టరీలో తయారైన తొలి సీడీల్లో అది ఒకటి. డొనాల్డ్ ఫేగన్ 'ది నైట్‌ఫ్లై' (1982) మొత్తం 3ఎమ్ 32 ట్రాకుల (ఒక్కో గొంతును, వాద్యాన్ని విడిగా దాచుకునే వరుసల) డిజిటల్ యంత్రం మీద రికార్డయింది. ఇవాళ్టికీ సౌండ్ ఇంజనీర్లు కచేరీకి ముందు స్పీకర్లను పరీక్షించడానికి పెట్టే ఆల్బమ్ అది. ఆ కాలపు నాణ్యతకు అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ఏదంటే నేను దాన్నే చూపిస్తాను. అది అనలాగ్ కాదు.

టేపు మీద రికార్డయిన పాటల్లో కూడా చాలావాటి ప్రతిధ్వని డిజిటల్. ఈఎమ్‌టీ 250 అనే డిజిటల్ రీవెర్బ్ 1976లో, లెక్సికాన్ 224 1978లో వచ్చాయి. ఆ వెల్వెట్ లాంటి మెత్తటి ప్రతిధ్వని వాటిదే. పైగా ఎల్పీ తయారీలో లాకర్ పూత ఉన్న డిస్కు మీద గాడి కోసే యంత్రానికి రాబోయే శబ్దం ఎంత పెద్దదో ముందుగా తెలియాలి. దానికోసం డెబ్బైల చివరి నుంచి చాలా కటింగ్ గదుల్లో డిజిటల్ డిలే పెట్టెను వాడారు. అంటే టేపు అనలాగ్ అయినా, గాడిలోకి వెళ్ళిన శబ్దం మధ్యలో ఒకసారి అంకెలుగా మారి తిరిగి వచ్చింది.

మరి ఫిల్ కాలిన్స్ డ్రమ్స్? ఆ దెబ్బ పెద్దగా లేచి ఠక్కున తెగిపోతుందే, అది? అదీ సహజంగా వచ్చింది కాదు. 1979లో లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో గాయకుడు పీటర్ గాబ్రియెల్ ఆల్బమ్ చేస్తున్నప్పుడు, వాద్యగాళ్ళు కంట్రోల్ రూమ్‌తో మాట్లాడటానికి పెట్టిన మైకు ఆన్‌లో ఉండిపోయింది. దాని మీద గట్టి కంప్రెసర్ (శబ్దపు హెచ్చుతగ్గులను నొక్కి సమం చేసే పరికరం) ఉంటుంది. కాలిన్స్ డ్రమ్స్ వాయించగానే ఆ మైకులోంచి విపరీతమైన శబ్దం వచ్చింది. ఇంజనీర్ హ్యూ పాడ్జమ్ దాన్ని వదలకుండా, నాయిస్ గేట్ (శబ్దం తగ్గగానే దాన్ని ఆపేసే పరికరం) పెట్టి శబ్దపు తోకను కత్తిరించి, పాటకు వాడాడు. గాబ్రియెల్ సింబల్స్ వద్దన్నాడు కాబట్టి ఆ శబ్దానికి చోటు కూడా దొరికింది. 1981లో కాలిన్స్ 'ఇన్ ది ఎయిర్ టునైట్'లో లోకమంతా దాన్ని విన్నది. ఆ పాట మొదట్లో వినిపించే లయ మాత్రం రోలాండ్ సీఆర్-78 డ్రమ్ మెషీన్‌ది.

వినైల్ గొప్పతనం గురించి ఇంకొక్క మాట. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఎల్పీకి మొదట గాడులు కోసిన డిస్కు విన్నప్పుడు నిర్మాత క్విన్సీ జోన్స్ బృందం నీరుగారిపోయింది. ఒక్కో వైపు పాటల నిడివి ఎక్కువ కావడంతో గాడులు సన్నబడి, సౌండు పలచగా వచ్చింది. పాటల్లో ముక్కలు తీసేసి, అన్నిటినీ మళ్ళీ మిక్స్ చేశారు. అంత అందంగా వినిపించే ఆ ఆల్బమ్ వినైల్ వల్ల బాగా రాలేదు, వినైల్ హద్దులతో పోరాడి బాగా వచ్చింది. అయినా ఆ రోజుల్లో మామూలు శ్రోత విన్నది ఎక్కువగా క్యాసెట్లు. 1983 నాటికే అమెరికాలో క్యాసెట్లు ఎల్పీలను దాటిపోయాయి. టేపు బుసతో, సాగిపోయిన టేపుతో విన్న ఆ సౌండును ఇవాళ్టి ఫోను సౌండు కన్నా నాణ్యమైనదని అనడం ఎలా కుదురుతుంది?

"అప్పటి ప్రతి పాటా ఆణిముత్యమే."

1981 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అల్ట్రావాక్స్ బృందం 'వియన్నా' బ్రిటన్‌లో రెండో స్థానంలోనే ఆగిపోయింది. అందులో మూడు వారాలు దానిపైన కూర్చున్నది జో డోల్చే అనే ఆయన పాడిన 'షడ్డప్ యూ ఫేస్' అనే కామెడీ పాట. అదే ఏడాది అమెరికాలో నంబర్ వన్ అయిన వాటిలో, పాత పాటల ముక్కలను ఒకే చప్పట్ల లయకు అతికించిన 'స్టార్స్ ఆన్ 45' ఒకటి. చెత్తను కాలం ఊడ్చేసింది, బాగున్నవి మిగిలాయి. ఈ వారం వచ్చిన పాటలన్నిటినీ, నలభై ఏళ్ళ వడపోతలో మిగిలిన వాటితో పోలిస్తే ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా?

"ఇప్పుడు లాప్‌టాప్ ఉన్న ప్రతివాడూ సంగీత దర్శకుడే."

యురిథ్మిక్స్ 'స్వీట్ డ్రీమ్స్' లండన్‌లో ఫొటో ఫ్రేములు కట్టే చోటికి పైన ఉన్న చిన్న అటకలో, బ్యాంకు అప్పుతో కొన్న పరికరాల మీద, 8 ట్రాకుల్లో తయారైంది. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో 'నెబ్రాస్కా'ను ఇంట్లో కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద చేశాడు. చౌక పరికరంతో ఇంట్లో పాట చేయడమే తప్పయితే, ఆ తప్పు మొదలైంది ఈ పోస్టు పొగుడుతున్న రోజుల్లోనే.

పోస్టు రాసినవాళ్ళు ప్రస్తావించని ఒక ఫిర్యాదు మాత్రం నిజం. అదేమిటంటే శబ్దాన్ని నొక్కేయడం. తొంభైల నుంచి పాటలను సీడీలో వీలైనంత పెద్దగా వినిపించేలా లిమిటర్లతో నొక్కడం మొదలైంది. మెల్లగా ఉండాల్సిన చోటు, ఎగసిపడాల్సిన చోటు ఒకే ఎత్తుకు వచ్చేశాయి. 2008లో మెటాలికా ఆల్బమ్ మీద వాళ్ళ అభిమానులే తిరగబడ్డారు. ఒక వీడియో గేమ్‌లో వచ్చిన అవే పాటలు నొక్కకుండా ఉండటంతో సీడీ కన్నా బాగున్నాయి. ఎనభైల పాటల మొదటి మాస్టర్లలో (విడుదలకు ముందు చివరిగా శబ్దం సరిచేసిన ప్రతుల్లో) ఈ రోగం లేదు. డ్రమ్ము దెబ్బ పైకి లేవడానికి వాటిలో చోటుంది. "ఊపిరాడుతున్నట్టుంది" అని పాత అభిమానులు అంటే దాన్ని నేను కాదనను.

కానీ అది కూడా మాస్టరింగ్‌లో మనుషులు తీసుకున్న నిర్ణయం. టేపుకో, డిజిటల్‌కో దానితో సంబంధం లేదు. 'ది నైట్‌ఫ్లై' డిజిటలే, అయినా దానిలో ఆ చోటు పుష్కలంగా ఉంది. పైగా ఇవాళ స్ట్రీమింగ్‌లో మనకు దొరికే ఎనభైల పాటల్లో చాలావాటికి తర్వాతి కాలంలో రీమాస్టర్ పేరుతో ఆ నొక్కుడు తగిలింది. కాబట్టి "పాతది ఎంత బాగుందో" అని వింటున్న ఫైలు పాతది కాకపోవచ్చు. పేరు పక్కన రీమాస్టర్ అని, ఒక సంవత్సరం ఉంటుంది, చూసుకోండి. పాత సీడీ దొరికితే రెండూ ఒకే వాల్యూమ్‌కు తెచ్చి పక్కపక్కన వినండి. రీమాస్టర్ గట్టిగా వినిపిస్తుంది కాబట్టి వాల్యూమ్ సరిచేయకపోతే మొదట అదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఇప్పుడు స్పాటిఫై లాంటివి పాటలన్నిటినీ దాదాపు ఒకే లౌడ్‌నెస్‌కు తెచ్చి వినిపిస్తున్నాయి. నొక్కి పెద్దగా చేసినందువల్ల ఒరిగేదేమీ లేదు. పాత మాస్టర్లను ఉన్నవి ఉన్నట్టుగా పెట్టమని కంపెనీలను అడగాల్సింది ఇప్పుడే.