డ్రమ్ములో కొలువుదీరిన తొంభై నంబరు గేరాయిలు గారికి

మహారాజశ్రీ తొంభై నంబరు గేరాయిలు గారి సముఖానికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో ఏ మెకానిక్ షెడ్డు ముందు ఆగినా, మూలనున్న మూత లేని డ్రమ్ములో, నెత్తిన చేతిపంపుతో తమరే దర్శనమిస్తారు. దమ్ము చేసే ట్రాక్టరుకూ తమరే, రొయ్యల చెరువులో తిరిగే ఏరేటరు గేర్‌బాక్సుకూ తమరే, ఇసుక లారీ డిఫరెన్షియల్‌కూ తమరే. ఈ డెల్టాకు తమరు చేస్తున్న సేవను కాదనగల ధైర్యం నాకు లేదు. నా మనవి ఒక్కటే. ఇంగ్లండులో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎమ్.జి.బి. అనే స్పోర్ట్స్ కారు ఒకటి మా పెద్దనాన్నగారి నుంచి నాకు సంక్రమించింది. దాని గేర్‌బాక్సులోకి మాత్రం తమరు దయచేయవద్దు.

ఆ కారు గేర్‌బాక్సుకు, దాన్ని చేసిన వాళ్ళు రాసిన ప్రకారం, ఇంజినులో పోసే 20డబ్ల్యు-50 ఆయిలే పోయాలి. ఈ మాట చెవిన పడగానే తమరి ఆస్థాన మేస్త్రిగారు, ‘గేర్‌బాక్సులో ఇంజినాయిలు పోస్తారేటండీ బాబూ, పళ్ళు అరిగిపోవూ!’ అని నా వంక జాలిగా చూశారు. ఆయన రోజూ షెడ్డుకు వచ్చే మోటారు సైకిల్లో ఇంజిను, క్లచ్చు, గేర్లు మూడూ ఒకే ఆయిల్లో మునిగి తిరుగుతున్నాయి. ఆ ఆయిలును తన చేత్తోనే మారుస్తున్నా ఈ సంగతి ఆయనకు తట్టకపోవడం తమరి మహిమే అనుకుంటున్నాను. పాత మినీ కారులోనూ ఇదే ఏర్పాటు. దాని గేర్లు ఇంజిను అడుగున, అదే ఆయిల్లో ఉంటాయి.

యాభై కంటే తొంభై పెద్దదన్న లెక్క మీదే తమరి పరువంతా నిలబడి ఉంది. గేరాయిళ్ళ నంబర్లకు ఒక కొలమానం, ఇంజినాయిళ్ళ నంబర్లకు మరో కొలమానం ఉన్నాయనీ, 100 డిగ్రీల వేడి దగ్గర కొలిస్తే తమరి చిక్కదనం ఇంజినాయిళ్ళలో 40, 50 నంబర్ల వాటికి ఇంచుమించు సమానమేననీ తమరు ఏనాడూ ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు. ఇక 75డబ్ల్యు బిరుదు గల తమరి బంధువుల చలి ఓర్పును మైనస్ 40 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారట. భోగినాటి తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని వణికే మా వాళ్ళకు కూడా ఆ బిరుదుతో పెద్దగా పని పడదు.

అయితే నా తగువు చిక్కదనంతో కాదు, తమరి ఒంట్లో కలిపిన మందుతో. మూత తీయగానే ముక్కు మూసుకోవలసి వచ్చే ఆ వాసనకు కారణమైన గంధకం, ఫాస్ఫరస్ మందు, గేరాయిళ్ళకు ఇచ్చే తరగతుల్లో జీఎల్-4లో ఉన్నదానికి సుమారు రెట్టింపు జీఎల్-5లో ఉంటుంది. నాలుగు కంటే ఐదు ఎక్కువ గనుక మేలైనదని షాపులో కుర్రవాడు అమ్ముతాడు, అదే నమ్మకంతో మనం కొంటాం. తమరు ఈ రెండింటిలో ఏ గోత్రమో తెలుసుకుందామని డ్రమ్ము చుట్టూ తిరిగి చూశాను. గ్రీజు చేతులు పడి పడి అక్షరాలన్నీ చెరిగిపోయి, ‘9’ ఒక్కటే మిగిలి ఉంది.

ఆ మందు ఎవరికి పథ్యం కాదో కూడా వినండి. గేరు మార్చినప్పుడు, వేర్వేరు వేగాల్లో తిరుగుతున్న రెండు భాగాలను ఒకే వేగానికి తెచ్చేది సింక్రో రింగు అనే ఇత్తడి కంకణం. అది గేరు మీది శంకువుకు ఒరుసుకుని, ఆ రాపిడితోనే దాన్ని దారికి తెస్తుంది. మా కారు రెండో గేరు రింగును విప్పి గుడ్డతో తుడిచి చూస్తే, లోపలి అంచున గోటికి తగిలేటంత సన్నని గాళ్ళు కనబడ్డాయి. అవి శంకువు మీది ఆయిలు పొరను కోసి పక్కకు తోయడానికే ఉన్నాయి. అంటే ఆ ఒక్క క్షణం జారుడు పనికిరాదు, పట్టు కావాలి. తమరేమో జారుడుతనాన్నే సద్గుణంగా ఎంచి రింగును జార్చేస్తారు, గేరు కర్రుమంటుంది. ఆయిలు బాగా వేడెక్కినప్పుడు గంధకం ఇత్తడిని తినడం ఇంకొకటి. డ్రెయిన్ ప్లగ్గుకున్న అయస్కాంతం ఇనుప రజనును పట్టుకుంటుంది గాని ఇత్తడిని పట్టుకోదు. అందుకే మా గేర్‌బాక్సులో ఇదివరకే చేరి ఉన్న తమరిని తెల్లటి పళ్ళెంలోకి దించి ఎండలో వంచి చూస్తే, పసుపు రజను మిలమిలా మెరుస్తూ బయటపడింది.

ఇప్పటి జీఎల్-5 ఆయిళ్ళలో ఇత్తడిని అంతగా తినకుండా జాగ్రత్తలు తీసుకున్నవి ఉన్నాయని ఒప్పుకుంటాను. కానీ వాటి జారుడు మాట అలాగే ఉంది. జీఎల్-4, జీఎల్-5 రెండూ ఒకే సీసా మీద అచ్చు వేయించుకున్న వాళ్ళను చూస్తే మాత్రం, ఎన్నికల ముందు రెండు పార్టీల కండువాలూ మెడలో వేసుకు తిరిగే మా ఊరి పెద్దమనిషి గుర్తుకొస్తాడు. పోనీ పాత కార్లన్నిటికీ నాలుగో నంబరే నియమమా అంటే, అదీ లేదు. 1989లో వచ్చిన మాజ్దా ఎమ్‌ఎక్స్-5 గేర్‌బాక్సుకు జీఎల్-4, జీఎల్-5 లలో ఏదైనా ఫరవాలేదన్నారు. బోర్గ్-వార్నర్ వరల్డ్ క్లాస్ టీ-5 గేర్‌బాక్సుకు ఆటోమేటిక్ బళ్ళలో పోసే ఎర్రటి ఏటీఎఫ్ కావాలి. గేర్‌బాక్సును చేసినవాడు దాని లోపల ఏ లోహం పెట్టాడో, ఎంత రాపిడిని లెక్కవేశాడో దాన్ని బట్టే ఆయిలు. మా కారుకు, పై గేరులో ఇంజిను వేగాన్ని ఇంకాస్త తగ్గించే ఓవర్‌డ్రైవ్ కూడా ఉంది. అదీ గేర్‌బాక్సు ఆయిలునే తాగి, రాపిడి పట్టుతోనే పనిచేస్తుంది గనుక, ‘గేరు వెన్నలా పడుతుందండి’ అంటూ మేస్త్రిగారు జేబులోంచి తీసిన చిన్న సీసా మందును కూడా మర్యాదగా వెనక్కి పంపాను.

తమరు చిన్నబుచ్చుకోవద్దు. ఇదే కారు వెనక ఇరుసులో హైపాయిడ్ గేర్లున్నాయి. వాటిలో పినియన్ అనే చిన్న గేరు, పెద్ద చక్రం మధ్యగీతకు దిగువన కూర్చుని, దాని పళ్ళ మీద విపరీతమైన ఒత్తిడితో జారుతూ తిరుగుతుంది. అక్కడ ఇంజినాయిలు నిలబడలేదు, తమరి మందే దిక్కు. ఆదివారం మేస్త్రిగారు రెండు ప్లగ్గులూ విప్పుతారు. ముందుదాని దగ్గర తమరి పంపు కనబడకూడదు. వెనకదానికి తమరు తప్పక దయచేయండి గాని, డ్రమ్ములోంచి మాత్రం వద్దు. మొన్నటి వానకు షెడ్డు రేకుల చూరు తిన్నగా తమరి నెత్తి మీదే కారింది, అడుగున తమరి రంగు మజ్జిగలా తేలింది. సీలు విప్పని సీసాలో, గోత్రం స్పష్టంగా అచ్చువేయించుకుని రండి.

ఇట్లు,
ఎమ్.జి.బి. రెండో గేరు తరఫున,
దాని యజమాని